మా హెడ్ గుమాస్తాకు నేను తాతనైన సంగతి

యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఇరవైమూడేళ్ళు. బెంగళూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఒక్కటే, మా హెడ్ గుమాస్తా కంట పడకుండా తిరగడం.

ఆయనకు నలభైఎనిమిదేళ్ళు ఉంటాయి. జరీ అంచు తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, తలపాగా కింద నుంచి రెండు పక్కలకూ నిక్కి నిలబడిన పెద్ద చెవులు. రూలు అనే మాటను ఆయన పలికినంత భక్తిగా దేవుడి పేరు కూడా ఎవరూ పలికి ఉండరు. పదిగంటల రెండు నిమిషాలకు వస్తే మెమో. బల్ల మీద సిరా ఒలికితే మెమో. ఒకసారి మెమోకు నేను రాసిన జవాబులో మార్జిను వదల్లేదని దానికి ఇంకో మెమో ఇచ్చాడు.

మాతో కన్నడం, దొరవారితో ఇంగ్లీషు. ఆయన నోట వేరే భాష మేము వినలేదు. మైసూరు సీమలో ఇంటిపేర్లు వాడరు. పేరు ముందర ఊరి అక్షరం, తండ్రి అక్షరం, అంతే. కాబట్టి ఆయన కన్నడిగుడే అని మా నమ్మకం. ఆ నమ్మకంతో నేనూ, పక్క బల్ల మిత్రుడూ ఆయన ఎదుటే, ఫైలు చూస్తున్నట్టు తలలు వంచుకుని, తెలుగులో ఆయన్ను కడుపారా తిట్టుకునేవాళ్ళం. గుడ్లగూబ అనేవాళ్ళం. చేటచెవుల శని అనేవాళ్ళం. ఆయన మా వైపు చూసి మళ్ళీ ఫైలులోకి చూసుకునేవాడు. ఆ సుఖమే లేకపోతే నేను ఆ ఉద్యోగం ఎన్నడో మానేసి ఉండేవాణ్ణి.

ఇలా ఉండగా మా పెద్దనాయనకు ఒక ఆలోచన వచ్చింది. మా నాయనకు ఆయన అన్న. చిక్కపేటలో చీరల అంగడి కొడుకులకు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్న మూడో నెలలో, మా ఇంటిపేరు గలవాళ్ళనందరినీ ఒకచోట చేర్చి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చకపోతే తాను కన్నుమూయలేనని ప్రకటించాడు. నిజానికి ఆయన దిట్టంగా ఉన్నాడు, కన్నుమూసే ప్రసక్తే లేదు. పేటలో ఉన్నవాళ్ళకు మనిషిని పంపాడు. దొడ్డబళ్ళాపురంలో, ఆనేకల్లులో మగ్గాలు పెట్టుకుని ఉన్నవాళ్ళకు కార్డులు రాశాడు. ఒక ఆదివారం బళేపేటలో సత్రం మాట్లాడాడు.

బియ్యానికి రేషను కాబట్టి ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చుకోవాలని కార్డులోనే రాశాడు. అందరూ తెచ్చారు. వంటమనిషి అన్నిటినీ కలిపి ఒకే గుండిగలో పోశాడు. సన్నబియ్యం గంజి అయిపోయింది, దొడ్డుబియ్యం పలుకుగా నిలిచింది, నడుమ ఎవరో తెచ్చిన పాతబియ్యం దేనితోనూ కలవకుండా తన మానాన తాను ఉంది. దాన్ని చూసి మా అమ్మ, "మన వంశం కూడా ఇట్లనే ఉంటాది, చూడు" అంది.

పెద్దనాయన తలవాకిట నిలబడి వచ్చినవాళ్ళనల్లా ఆపి, "ఎవరి బిడ్డవప్పా నువ్వు?" అని అడిగి, జవాబు విన్నాకే లోపలికి వదులుతున్నాడు. నేను ఆ పక్కనే గంగాళం దగ్గర నిలబడి మజ్జిగ పోస్తున్నాను. అప్పుడు దంపతులిద్దరు వచ్చారు. ఆయన పంచె కట్టుకుని, తలకు ఏమీ లేకుండా, నున్నటి బట్టతలతో ఉన్నాడు. ఆమె లావుగా, నవ్వుమొహంతో ఉంది.

"ఎవరి బిడ్డవప్పా నువ్వు?"

"దొడ్డబళ్ళాపురం పెద్దింటోళ్ళం అప్పా," అన్నాడాయన అచ్చమైన తెలుగులో. "మా నాయన పోయి పదేండ్లయింది. నేను ఈడనే సర్కారు పనిలో ఉండాను."

గొంతు ఎక్కడో విన్నట్టుందని తలెత్తాను. తలపాగా లేదు, కోటు లేదు. కాని చెవులు ఉన్నాయి. నా చేతిలో గరిటె గంగాళంలో పడిపోయింది.

ఆయన నన్ను చూశాడు. "మజ్జిగలో ఉప్పు సరిగా వేసినావా?" అని అడిగాడు. ఆఫీసులో డ్రాఫ్టు గురించి అడిగే గొంతే. రెండేళ్ళుగా నేను ఏమేం అన్నానో ఒక్కొక్కటే గుర్తుకు వస్తూ ఉంది.

భోజనాలకు ముందు పెద్దనాయన అసలు కార్యక్రమం మొదలుపెట్టాడు. సత్రం హాలు నడుమ మా అమ్మ చేత ముగ్గుపిండితో పెద్ద పటం గీయించాడు. పైన ఒక కలశం పెట్టి, అదే మూలపురుషుడు అన్నాడు. హిందూపురం అవతల ఏదో ఊరి నుంచి సుల్తాను సైన్యంలో జెండా పట్టుకుని బెంగళూరికి వచ్చాడట. ఆ కథ చెప్పేటప్పుడు పెద్దనాయన చేతిలో కర్ర జెండాలా పైకి లేచింది. ఆ మూలపురుషుడికి ఇద్దరు భార్యలు. మొదటి భార్య కొడుకుది పెద్దిల్లు. ఆమె పోయాక, అరవై దాటిన వయసులో చేసుకున్న రెండో భార్య కొడుకుది చిన్నిల్లు. ఆ చిన్నింటి కొడుకే మా తాత.

కలశం కింద తరానికొక గీత. ఎవరి తరం గీత మీద వాళ్ళు పోయి నిలబడాలి.

పెద్దింటివాళ్ళు పదహారు, పదిహేడేళ్ళకే పిల్లల్ని కంటూ గబగబా తరాలు దిగిపోయారు. మేము నిదానంగా దిగాము. దాని ఫలితం ఆ గీతల మీద నిలబడినప్పుడు తెలిసింది. రెండో గీత మీద పెద్దనాయన, ఆయన తమ్ముళ్ళు. మూడో గీత మీద నేను, నా అన్నదమ్ముల వరస వాళ్ళు, మా చిన్నాయన ఎనిమిది నెలల కొడుకు. వాణ్ణి గీత మీద చాపేసి పడుకోబెట్టారు. ఐదో గీత మీద బట్టతలలు, నెరిసిన మీసాలు, చేతికర్రలు వరసగా నిలిచాయి. వాళ్ళందరికీ నేను తాతను. చాప మీద కాలు నోట్లో పెట్టుకుని ఉన్నవాడూ తాతే.

ఐదో గీత మీద మా హెడ్ గుమాస్తా నిటారుగా నిలబడి ఉన్నాడు.

"వరస తేలినాక మొక్కాల గదా?" అన్నాడు పెద్దనాయన. మిగతా బట్టతలలు నవ్వి, పోనీలే అన్నట్టు చేతులు ఊపారు. మా హెడ్ గుమాస్తా మాత్రం నవ్వలేదు. రూలు అంటే రూలే. గీతలు దాటి వచ్చి, ముగ్గు చెరగకుండా పంచె ఎత్తి పట్టుకుని, మొదట చాప మీది పసివాడికి సాష్టాంగపడ్డాడు. ఆ తరువాత నా కాళ్ళ ముందు పడ్డాడు.

"వద్దు సార్, వద్దు సార్!" అని నేను వెనక్కి గెంతాను. గెంతి మూలపురుషుణ్ణి తన్నాను. కలశంలో నీళ్ళు పారి తరాలన్నీ కలిసిపోయాయి.

ఆయన భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వుతూ ఉంది. భోజనాల దగ్గర ఒబ్బట్లు వడ్డిస్తూ నా ముందు నిలబడి, "తాతా, ఇంకొకటి తింటావా? పండ్లు గట్టిగా ఉండాయా?" అంది. ఆమెకు మా అమ్మ వయసు.

సోమవారం భయపడుతూనే ఆఫీసుకు పోయాను. పదిన్నరకు పిలుపు వచ్చింది. ఆయన బల్ల ముందు ఎన్నడూ లేనిది ఒక కుర్చీ వేసి ఉంది.

"కూర్చోండి," అన్నాడు.

"పర్వాలేదు సార్."

"తమరు నిలబడి ఉండగా నేను కూర్చుంటే ఇంటి మర్యాదకు తప్పు. నేను లేచి నిలబడితే ఆఫీసు రూలుకు తప్పు. కాబట్టి కూర్చోండి."

కూర్చున్నాను. నేను రాసిన డ్రాఫ్టు తీసి, మామూలుగా ఎప్పుడూ తిట్టినట్టే కన్నడంలో గట్టిగా తిట్టాడు. తిట్టడం అయ్యాక గొంతు తగ్గించి తెలుగులో, "మనసులో పెట్టుకోవద్దు తాతా" అన్నాడు.

హెడ్ గుమాస్తా ముందు కుర్చీలో కూర్చుని తిట్లు తిన్నవాడు ఆ ఆఫీసు పుట్టిన దగ్గర్నుంచీ లేడు. మధ్యాహ్నానికల్లా నాకు రాజభవనంలో ఎవరో చుట్టాలున్నారని పుకారు పుట్టింది. జవాను అడగకుండానే నా బల్ల తుడిచిపోయాడు. పక్క బల్ల మిత్రుడికి నేను చెప్పింది ఒక్కటే: "ఇకమీదట మనం తెలుగులో మాట్లాడుకోవద్దు."

మెమోలు ఆగలేదు. అయితే మెమో ఇచ్చిన రోజు సాయంత్రం కబ్బన్‌పేటలోని మా ఇంటికి ఆరు అరటిపండ్లతో వచ్చేవాడు. పండ్లు నా చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కి, పెద్దవాణ్ణి నొప్పించినందుకు క్షమాపణ అడిగేవాడు. తరువాత మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి పోయేవాడు. ఆయన నా ముందు వంగినప్పుడల్లా నాకు వీపు మీద తేలు పాకినట్టుండేది. మా అమ్మకు మాత్రం ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఒక శుక్రవారం, "ఈ వారం మెమో ఏమీ లేదా నాయనా? పండ్లు అయిపోయినాయి" అని అడిగింది.

నెల తిరిగేసరికి ఇద్దరమూ చిక్కిపోయాము. ఒకనాడు కాఫీ లోటా కింద పెట్టి ఆయనే అన్నాడు:

"తాతా, ఇది ఇట్ల నడిచేది కాదు. ఇరవైఐదేండ్లుగా నేను ఒకరి లెక్కలో తప్పులు పట్టే పనిలో ఉండాను. మీ పెద్దనాయన ముగ్గులో ఎక్కడో ఒక తరం ఎక్కువ పడిండాది. అది తీసేస్తే తమరు నాకు చిన్నాయన అవుతారు. చిన్నాయనను తిట్టొచ్చు."

"ఎవరినడుగుతారు సార్?"

"ఆనేకల్లులో మీ జేజి ఉండాది గదా?"

నిజమే, ఉంది. మా తాతకు ఆమె సొంత చెల్లెలు. నాకు జేజి, అంటే అవ్వ వరస. ఎనభైరెండేళ్ళు. ఆ మూలపురుషుణ్ణి కళ్ళారా చూసినవాళ్ళలో బతికి ఉన్నది ఆమె ఒక్కతే, ఎందుకంటే ఆయన ఆమెకు కన్నతండ్రి. ఆమెను అడిగితే అన్నీ ఎన్నడో తేలిపోయేవి. కాని ఆమె నోరంటే మా పెద్దనాయనకు భయం. బస్సు ఎక్కనని ఆమె కబురు పంపితే ఆయన లోపల్లోపల సంతోషించాడు.

మరుసటి ఆదివారం మేమిద్దరం ఆనేకల్లు బస్సు ఎక్కాము. పెట్రోలు దొరకని కాలం కాబట్టి అది బొగ్గుతో నడిచే బస్సు. వెనకాల పెద్ద డ్రమ్ములో బొగ్గు కణకణలాడుతూ ఉంటుంది, కండక్టరు ఆగినచోటల్లా దిగి దాన్ని కుమ్ముతాడు. ఎత్తు వస్తే బస్సు నిలిచిపోతుంది. అందరూ దిగి తోయాలి. మొదటి ఎత్తు దగ్గర నేను తోయబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు.

"తమరు కూర్చోండి. పెద్దవాళ్ళు తోయకూడదు."

ఇరవైమూడేళ్ళవాణ్ణి నేను లోపల కూర్చుని ఉంటే, నలభైఎనిమిదేళ్ళ బట్టతలాయన చెమటలు కక్కుతూ వెనక నుంచి బస్సు తోశాడు. బయట ఉన్నవాళ్ళు కిటికీలోంచి నన్ను చూసిన చూపులు నేను చెప్పను. రెండో ఎత్తు దగ్గర దూకి నేనూ తోశాను.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాక, మసి పట్టిన చేతులు తుడుచుకుంటూ ఆయన మామూలుగా అన్నాడు:

"గుడ్లగూబ అంటే నాకేం కష్టం కాలేదు. లక్ష్మీదేవికి వాహనం. ఆ చేటచెవుల శని అన్నది మాత్రం మనసుకు తగిలిందప్పా."

బస్సు నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. "తెలుగు వచ్చని అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"ఆఫీసులో కన్నడమో ఇంగ్లీషో మాట్లాడాల. తెలుగులో తిట్టినదానికి ఏ భాషలో మెమో ఇయ్యాలని రెండేండ్లు ఆలోచన చేసినా. తెగలేదు."

ఆనేకల్లులో జేజి ఇంటి అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు ఏరుతూ ఉంది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తూ ఉంది. మనిషి ఎండు కొమ్మలా ఉన్నా గొంతు మాత్రం వీధి చివరిదాకా పోతుంది.

"ఎవుర్రా అది?"

"నేను జేజీ. నీ అన్న మనవణ్ణి, కబ్బన్‌పేట నుంచి."

"నువ్వు సరే. నీ యనక ఉండేది ఎవుడు?"

ఆయన ముందుకు వచ్చి వంగి మొక్కాడు. లేవబోతుంటే జేజి చెయ్యి చాచి ఆయన చెవి పట్టుకుంది. ఉలవల చేట పక్కకు పెట్టి, రెండో చెవి కూడా పట్టుకుని, మొహం దగ్గరికి తీసుకుని చూసింది.

"ఈ చెవులు నీకు యాడివిరా?"

"పుట్టినప్పటి నుంచీ ఉండాయి జేజీ," అన్నాడు మా హెడ్ గుమాస్తా. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేను మొదటిసారి విన్నాను.

తరువాత ఆయన కోటు జేబులోంచి నోటుబుక్కు, పెన్సిలు తీసి, ఆఫీసు విచారణ జరిపినట్టు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"జేజీ, మీ నాయనగారు సుల్తాను సైన్యంలో వచ్చినారా?"

"సైన్యమా? ఎవురు చెప్పినారు?"

"మా పెద్దనాయన," అన్నాను నేను.

"వాడు చిన్నప్పటినుంచీ అంతే. మా నాయన గుడ్డలు అమ్మేదానికి వచ్చినాడు. వాన పట్టుకునింది. నిలిచేదాకా ఉందామని ఇంత చోటు చూసుకున్నాడు."

"మళ్ళా?"

"మళ్ళా ఏముండాది? సుమ్నే, ఊరికే, ఆడనే ఉండిపోయినాడు. నాలుగు నెలలకు ఆయన పెండ్లాం మూటాముల్లె కట్టుకొని ఎతుక్కుంటా వచ్చింది. అదే పెద్దామె. నేను చిన్నామె బిడ్డను."

ఆయన పెన్సిలు "వాన" అని రాసుకుంది. తరువాత తరాల లెక్క. జేజి వేళ్ళు ముడుస్తూ చెప్పింది. పేర్లతో ఆమెకు పనిలేదు. "పెద్దామె కొడుకు నత్తోడు. నత్తోని కొడుకు పొడుగోడు. పొడుగోని కొడుకు మీసాలోడు."

"అంతే," అన్నాడాయన. "ఆ మీసాలాయనే మా తాత. ఆయన కొడుకు మా నాయన."

జేజి ముడిచిన వేళ్ళు అలాగే ఉంచి ఆయన వైపు చూసింది.

"ఎవురు చెప్పినది?"

"మా నాయనే చెప్పినాడు."

"వానికేం తెలుసు? అప్పటికి వానికి రెండేండ్లు."

అప్పుడు ఆమె చెప్పిన సంగతి ఇది. మీసాలాయనకు ఒక కొడుకు ఉండేవాడు. జేజికన్నా రెండేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, కలిసి ఆడుకున్నారు. పదిహేనేళ్ళకు పెళ్ళయింది, పదహారేళ్ళకు ఒక కొడుకు పుట్టాడు. పద్దెనిమిదో ఏట ఊళ్ళో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. వారం తిరక్కుండా ఆయన పెళ్ళాడిన ఆ పిల్ల కూడా పోయింది. మీసాలాయన, ఆయన భార్య ఆ పసివాణ్ణి ఎత్తుకుని, మేమే నీకు అమ్మానాయన అని పెంచారు. పోయినవాడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నారు. ఎత్తలేదు. అరవైఏళ్ళు ఎత్తలేదు.

"ఆ పసివాడే మీ నాయన," అంది జేజి. "వరసకు నేను వానికి ముత్తవ్వను, ఆ పోయినోనికి. పదేండ్ల ముత్తవ్వ! మొక్కుతా ముత్తవ్వా అని వంగి, నా కాలివేలు గిల్లి పరిగెత్తేవాడు. చెవులు నీ మాదిరే. పరిగెత్తితే గాలికి ఊగేవి."

మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన పెన్సిలు కాగితం మీద నిలిచిపోయింది. "ఏం జ్వరమో తెలుసునా జేజీ?" అని అడిగాడు. ఆమెకు తెలియదు. ఆయన నోటుబుక్కులో ఒక గీత గీసి, దాని మీద ఏమీ రాయకుండా, మెల్లగా లెక్క చూసుకున్నాడు. చూసుకుని నా వైపు తిరిగాడు.

"అయితే ఈయన నాకు తాత కాదు."

"కాదు," అంది జేజి. "ముత్తాత."

ఒక తరం తగ్గించుకుందామని పెట్రోలు లేని రోజుల్లో బస్సు తోసుకుంటూ వచ్చిన మనిషి. నాకు నవ్వు తన్నుకుని వచ్చింది, నవ్వితే పాపం అనిపించింది, రెండూ కలిసి దగ్గు అయింది.

జేజి ఆ దగ్గు విని నా వైపు తిరిగింది. "వీడు నీ ఆఫీసులోనే ఉండాడా? పని బాగా చేస్తాడా?"

"జేజీ, పెద్దల మీద చాడీలు చెప్పకూడదు," అన్నాడు మా హెడ్ గుమాస్తా.

"పెద్దదాన్ని నేనుండానే. చెప్పు."

ఆయన మొహం అప్పుడు వెలిగింది చూడండి! నోటుబుక్కు వెనక పేజీలు తిప్పాడు. అందులో నేను ఆలస్యంగా వచ్చిన రోజులు, ఎన్ని నిమిషాలు, చెప్పిన కారణాలు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. నిదానంగా, ఒక్కటీ వదలకుండా చదివాడు. మెమోకొకసారి నాకు మొక్కి అరటిపండ్లు ఇచ్చుకుంటున్న సంగతీ చెప్పాడు. మా అమ్మమ్మకు జబ్బు అని నేను మూడుసార్లు చెప్పి ఉన్నాను. అమ్మమ్మ పోయి ఏడేళ్ళయిందని జేజికి తెలుసు. ఆమె నా చెవి పట్టుకుని తిప్పిన తిప్పుకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"ఇంక మీదట వీని మీద ఏమన్నా ఉంటే నాకు కార్డు రాయి," అని ఆమె తీర్పు చెప్పింది. "వీనికి నువ్వు మొక్కేది పండగకు చాలు. ఆ పండ్లు నాకు పంపించు."

తిరుగు ప్రయాణంలో ఆయన ఊరు దగ్గర పడ్డాక అన్నాడు: "మా నాయన పోయినప్పటి నుంచీ అమావాస్య అమావాస్యకూ తర్పణం వదుల్తా ఉండాను. నాయనకు, తాతకు, ముత్తాతకు. పదేండ్లుగా ఒకనికి చేరనే లేదు చూడండి. నీళ్ళు తప్పు అడ్రసుకు పోయినాయి." బస్సు ఆగింది, ఇద్దరం దిగి తోశాము.

మరునాటి నుంచి కుర్చీ పోయింది. నేను అందరిలా నిలబడే తిట్లు తిన్నాను, నాకు ప్రాణం లేచి వచ్చింది. కాని ఆ సుఖం వారం రోజులే. నేను తప్పు చేస్తే ఆయన ఇప్పుడు మెమో రాసేవాడు కాదు. సొరుగులోంచి ఒక కార్డు తీసి, నన్ను చూస్తూ, కలం సిరాలో ముంచేవాడు. నాలుగో రోజుకు ఆనేకల్లు నుంచి నాకు జవాబు వచ్చేది. జేజి చెబుతుంటే ఆమె మనవరాలు రాసేది. కార్డు కాబట్టి పోస్టుమాను ముందే చదివేసి, వాకిట నిలబడి, "ఈసారి జేజి శానా కోపంగా ఉండాది స్వామీ" అని హెచ్చరించి మరీ ఇచ్చేవాడు. వీధి వీధంతా నా ఆలస్యాల సంగతి తెలిసిపోయింది. ఎదురింటివాళ్ళు తొమ్మిదిన్నరకే, "ఇంకా బయల్దేరలేదా?" అని కేకలేసేవాళ్ళు. నేను పావు తక్కువ పదికే ఆఫీసులో ఉండడం మొదలైంది. ఆ ఏడు డిపార్టుమెంటు పరీక్ష కూడా ప్యాసయ్యాను.

పెద్దనాయనకు ఈ సంగతులన్నీ చెప్పాను. ఒక తరం పెరిగిందన్నందుకు సంతోషించాడు. వాన సంగతికి మాత్రం ఒప్పుకోలేదు. జెండా పట్టుకుని వచ్చినప్పుడే వాన కూడా వచ్చి ఉంటుందన్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జేజి పోయింది. కబురు అందగానే మేమిద్దరం రెండు రోజులు సెలవుకు దరఖాస్తు పెట్టాము. దరఖాస్తులో పోయినవారు మీకేమవుతారని ఒక గడి ఉండేది. అవ్వ అని రాసేస్తే సరిపోయేది. మా హెడ్ గుమాస్తా అబద్ధం రాసే మనిషి కాదు. అప్పటికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ కాగితం రెండుసార్లు చదివి ఆయన్ను పిలిచాడు. తలుపు తెరిచే ఉంది, మాకందరికీ వినిపించింది.

"ఇదేమిటి? ముత్తాతగారి అవ్వ అని రాశారు?"

"అవును సార్."

"ఆమె ఎప్పుడు పోయింది?"

"నిన్న పొద్దున సార్."

ఆఫీసరు కాగితం మూడోసారి చూశాడు. "మరి మీ ముత్తాతగారు?"

"ఉన్నారు సార్."

"ఎక్కడ?"

"మూడో బల్ల దగ్గర సార్. వారు కూడా ఇదే సెలవు అడిగారు. వారి కాగితంలో అవ్వ అని ఉంటుంది, సరిపోయిందో లేదో చూసుకోవచ్చు."

ఆఫీసరు తల వంచి తలుపులోంచి నన్ను చూశాడు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఆయన మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, ఇంకో మాట అడగకుండా రెండు కాగితాల మీదా సంతకం పెట్టాడు.

ఆనేకల్లులో అన్నీ అయిపోయాక జేజి మనవరాలు మగ్గం నూలుతో కట్టిన ఒక కార్డుల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. మా హెడ్ గుమాస్తా జేజికి రాసినవి. నా మీద చాడీలన్నీ ఒకచోట చదవొచ్చునని అరుగు మీద కూర్చుని విప్పాను.

ప్రతి కార్డులోనూ నా గురించి మొదట ఒక్క వాక్యమే ఉంది. ఆలస్యం పది నిమిషాలు. సిరా ఒలికించాడు. అంతే. మిగతాదంతా ఆ పద్దెనిమిదేళ్ళవాడి గురించే. ఆయన పేరేమి? ఎంత పొడుగుండేవాడు? ఎడమచేతి వాటమా? మా రెండో పిల్లవాడు ఎడమచేతివాడు. ఏం కూర అంటే ఇష్టం? మగ్గం మీద కూర్చునేవాడా, తప్పించుకుని తిరిగేవాడా? ఏమైనా పాడేవాడా? మా నాయనను ఎత్తుకునేవాడా?

నేను చదువుతున్నానని చూసి ఆయన గబగబా వచ్చి కట్ట లాక్కున్నాడు. చెవులు రెండూ ఎర్రగా అయ్యాయి.

"జవాబులు వచ్చినాయా?" అని అడిగాను.

"ప్రతి ఒకదానికీ వచ్చింది. నంబరు వేసి ఫైలు చేసిండాను," అన్నాడు.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు ఆయన తన తాతకు పేరు చెప్పి శ్రాద్ధం పెట్టాడు. ఇంటి పెద్దవాణ్ణి కాబట్టి నన్ను పిలిచి పీట వేసి కూర్చోబెట్టాడు. పురోహితుడు కొత్తవాడు, పోయినవాళ్ళు ఏమవుతారో ఇంకా అడగలేదు. మాటల నడుమ పోయినాయన వయసు అడిగాడు. పద్దెనిమిది అని చెప్పాడు మా హెడ్ గుమాస్తా. పురోహితుడు చేతిలో దర్భ కింద పెట్టి, ఎదురుగా ఉన్న బట్టతల మనిషిని జాలిగా చూసి, "చేతికి వచ్చిన బిడ్డ, ఎంత పని జరిగిందయ్యా" అన్నాడు.

తప్పు కనిపిస్తే వదిలే మనిషి కాదు ఆయన. నేను దిద్దుతాడనే చూస్తూ ఉన్నాను. ఆయన దిద్దలేదు.

"అవునండీ," అన్నాడు. "శానా చిన్నోడు."

లోపల నుంచి ఆయన భార్య వడల పళ్ళెంతో వచ్చి, కళ్ళు ఒత్తుకుంటూ, ముందు నా విస్తట్లో రెండు వేసింది.